గోదారి దాటైనా సరే, ఈ వారమే చూపించుకోండి

ప్రశ్న:

డాక్టరమ్మగారికి నమస్కారమండి. నా వయసు 29. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి, ఊరి పేరు రాయడం లేదు, ఏమీ అనుకోకండి. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పుతోనే ఆపరేషన్ చేయించేసుకున్నాను. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. రెండేళ్ళకోసారి వస్తారు. ఈసారి రెండు నెలలుండి వెళ్ళారు, వెళ్ళి నాలుగు నెలలు దాటింది. ఆయన వెళ్ళిన రెండు మూడు వారాలకి కింద చిన్న పుండులాంటిది చేతికి తగిలింది. నొప్పేం లేదు, దానంతటదే మానిపోయింది. తర్వాత తెల్లబట్ట మొదలైందండి. వాసన, దురద, బట్టలు మార్చుకోలేక చస్తున్నాను. ఈ నెల్నుంచి పొత్తికడుపులో పోటు కూడా వస్తోంది. మా అత్తయ్యగారు వేడి చేసిందన్నారు. సబ్జాగింజలు, బార్లీ నీళ్ళు, కొబ్బరిబొండాలు అన్నీ అయ్యాయి. మా ఊళ్ళో ఆర్‌ఎంపీగారు మూడు రోజులు ఇంజెక్షన్లు చేసి, రాసుకోమని ట్యూబు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలైంది.

పోయిన వారం మా ఆయన ఫోన్ చేసి, "నాకిక్కడ ఇన్ఫెక్షన్ వస్తే మందులు వాడాను, నువ్వు కూడా ఒకసారి చూపించుకో, ఎవరికీ చెప్పకు" అన్నారు. ఏం ఇన్ఫెక్షన్ అని అడిగితే పెట్టేశారు. అప్పట్నుంచీ నాకు నిద్ర లేదండి. మా ఊరి ఆశా కార్యకర్త నాకు వరసకి వదిన. దగ్గర్లో ఉన్న ఆస్పత్రిలో మా ఆడపడుచు తోడికోడలు పనిచేస్తుంది. పొద్దున్న అక్కడికి వెళ్తే మధ్యాహ్నానికి మా వీధిలో అందరికీ తెలుస్తుంది. ఇలాంటి వాటికి గుట్టుగా చూసే క్లినిక్కులు ఉంటాయట కదండీ. అక్కడ పేరు రాసుకుంటారా? ఆధార్ అడుగుతారా? ఇంటికి ఫోన్ చేస్తారా? అక్కడికి వెళ్ళేది ఎలాంటి ఆడవాళ్ళో అందరికీ తెలుసు కదా, నన్నూ అలాగే చూస్తారేమో. నా కంచం, గ్లాసు వేరేగా పెట్టుకున్నాను. పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవడం మానేశాను. చిన్నోడు ఏడుస్తున్నాడండి.

సమాధానం:

అమ్మా, ముందు ఆ కంచం, గ్లాసు తీసి అందరి గిన్నెల్లో కలిపేయండి. చిన్నబ్బాయిని ఈ రాత్రి నుంచే పక్కలో పడుకోబెట్టుకోండి. మీకొచ్చింది ఏమిటో ఇంకా తేలలేదు. తేలాక అది ఏదైనా సరే, ఒక కంచంలో తిన్నందుకో, ఒక పక్క మీద పడుకున్నందుకో, ఒకే బాత్రూం వాడినందుకో పిల్లలకి అంటుకునేది కాదు. హెచ్‌ఐవీ అయినా అంతే. తప్పేమీ లేకుండానే మీకు మీరే శిక్ష వేసుకున్నారు, దాంట్లో సగం ఆ పసివాడి మీద పడుతోంది.

ఇక జబ్బు సంగతి. తెల్లబట్ట గురించి, వాసన గురించి వివరంగా రాశారు. పుండు గురించి ఒక్క ముక్క రాసి, మానిపోయిందని వదిలేశారు. మీ ఉత్తరంలో నేను మళ్ళీ మళ్ళీ చదివింది ఆ ముక్కనే. మర్మావయవాల దగ్గర నొప్పి లేని పుండు వచ్చి, ఏ మందూ లేకుండా కొన్ని వారాల్లో మానిపోవడం సిఫిలిస్ తొలి దశ లక్షణం. మన పెద్దవాళ్ళు సవాయి రోగం అనేది దీన్నే. కలిసిన సుమారు మూడు వారాలకి పుండు రావడం దీని పద్ధతి, ఒక్కోసారి మూడు నెలల దాకా కూడా పట్టవచ్చు. మీరు చెప్పిన లెక్క దానికి సరిపోతోంది. పుండు మానుతుంది కానీ క్రిమి ఒంట్లోనే ఉంటుంది. తర్వాత కొన్ని వారాలకో నెలలకో అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలు రావచ్చు. జుట్టు అక్కడక్కడా ఊడవచ్చు, నోట్లో తెల్లటి పొరలు కట్టవచ్చు. ఒకసారి వెలుతుర్లో మీ అరచేతులు, అరికాళ్ళు చూసుకోండి. ఉంటే డాక్టరుకి చెప్పండి. లేకపోయినా ఆగిపోకండి, ఎందుకంటే అవి కూడా వచ్చి వాటంతటవే పోతాయి. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఏమీ కనపడకుండా ఉండి, చివరికి గుండెని, మెదడుని, కళ్ళని పట్టుకునే జబ్బు ఇది. తొలి దశలో దొరికితే మాత్రం పెన్సిలిన్‌తో పూర్తిగా నయమవుతుంది.

ఇది సిఫిలిసే అని నేను అనడం లేదు. ఉత్తరం చదివి ఎవరూ అలా చెప్పకూడదు. ఒక రక్త పరీక్షతో తేలిపోయే విషయం కాబట్టి తేల్చుకోమంటున్నాను. తెల్లబట్ట విషయంలో అయితే ఇంకా జాగ్రత్తగా మాట్లాడాలి. వాసన, దురద ఉన్న ప్రతి తెల్లబట్టా మగవాడి నుంచి వచ్చింది కాదు. ఫంగస్ వల్ల, లోపల సహజంగా ఉండే సూక్ష్మజీవుల లెక్క తప్పడం వల్ల, ఏ పరాయి సంబంధమూ లేని ఇళ్ళలో కూడా ఆడవాళ్ళకి ఇది వస్తుంది. అందుకని ఒక్క తెల్లబట్టని పట్టుకుని మీ ఆయన మీద తీర్పు చెప్పకండి. పొత్తికడుపు పోటు మాత్రం నిర్లక్ష్యం చేసేది కాదు. ఇన్ఫెక్షన్ గర్భసంచికి, గొట్టాలకి ఎక్కితే ఇలాగే మొదలవుతుంది. జ్వరం వచ్చినా, వాంతులైనా, పోటు భరించలేనట్టున్నా క్లినిక్కూ గుట్టూ ఏదీ చూడకుండా ఆ రోజే దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్ళిపోవాలి.

వేడి చేయడం దీనికి కారణం కాదు. బార్లీ నీళ్ళు, బొండాలు తాగితే మూత్రంలో మంట కాస్త తగ్గినట్టుంటుంది, క్రిమి చావదు. ఆర్‌ఎంపీగారి ఇంజెక్షన్ల వల్ల ఇంకో చిక్కుంది. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అనేది తెలియకుండా వేస్తే జబ్బు సగం అణిగి లక్షణాలు మరుగున పడతాయి, తర్వాత చూసే డాక్టరుకి ఆనవాలు దొరకదు. ఆ ట్యూబు రాయడం ఇవాళే ఆపేయండి. దురదకని ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఇన్ఫెక్షన్‌ని పెంచుతుంది. అయినా పారేయకండి, వెళ్ళేటప్పుడు ఆ ట్యూబు, ఖాళీ మాత్రల అట్టలు ఏమున్నా సంచిలో వేసుకెళ్ళండి.

ఎక్కడికి వెళ్ళాలి అన్నారు. మీరు విన్నది నిజమే. ప్రభుత్వ జిల్లా ఆస్పత్రుల్లో, ఏరియా ఆస్పత్రుల్లో సుఖవ్యాధులకి ప్రత్యేకంగా సురక్ష క్లినిక్ అని ఉంటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కింద నడుస్తుంది. దానికి తోడుగా రక్త పరీక్షకి, సలహాకి ఐసీటీసీ అనే కేంద్రం ఉంటుంది. పరీక్షలు, మందులు రెండూ ఉచితం. మీలాంటి వాళ్ళకి బాగా ఉపయోగపడే ఒక సంగతి చాలామందికి తెలియదు. ఈ సేవ చర్మవ్యాధుల విభాగంలోనే కాకుండా గైనిక్ ఓపీలో కూడా అందుతుంది. అంటే మీరు సుఖవ్యాధుల బోర్డున్న గది వెతుక్కుంటూ వెళ్ళాల్సిన పని లేదు. ఓపీ చీటీ దగ్గర "గైనిక్" అంటే చాలు. గర్భిణులు, నెలసరి బాధలవాళ్ళు, ఆపరేషన్ కోసం వచ్చినవాళ్ళు, అందరూ అదే వరసలో నిలబడతారు. ఆ వరసలో ఉన్న ఆడదాన్ని ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇంట్లో కూడా అబద్ధం ఆడక్కర్లేదు. "పొత్తికడుపులో పోటు తగ్గడం లేదు అత్తయ్యా, గైనిక్ డాక్టరుకి చూపించుకొస్తాను" అంటే అది అక్షరాలా నిజం.

మీ దగ్గరి ఆస్పత్రిలో బంధువులున్నారు కాబట్టి అక్కడ వద్దు. గోదారి దాటడానికి మీకు రెండు దార్లున్నాయి. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే నరసాపురం, చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. జిల్లాయే మారిపోతుంది, మిమ్మల్ని ఎరిగినవాళ్ళు తగిలే అవకాశం తక్కువ. కాస్త దూరమైనా ఫరవాలేదనుకుంటే అమలాపురం మీదుగా యెదుర్లంక వంతెన దాటి, యానాం మీదుగా కాకినాడ జీజీహెచ్‌కి వెళ్ళండి. రంగరాయ మెడికల్ కాలేజీ ఆస్పత్రి అది, రోజూ వచ్చే జనంలో మీరెవరో ఎవరికీ పట్టదు. అన్ని విభాగాలూ ఒకే చోట ఉంటాయి కాబట్టి నేనైతే నా చెల్లెలికైనా అదే చెప్తాను. బస్సుకి ఖర్చు కూడా పెద్దగా ఉండదు, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా. దానికి మాత్రం ఆధారో ఇంకో గుర్తింపు కార్డో చేతిలో ఉండాలి. ఓపీ చీటీలు పొద్దున్నపూటే ఇస్తారు, తెల్లవారుజామున బయల్దేరాలి. బయల్దేరేముందు 1097కి ఒక ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పక్కర్లేదు. ఫలానా ఊళ్ళో ఆడవాళ్ళని చూసే సురక్ష క్లినిక్ ఎక్కడ, ఐసీటీసీ ఎక్కడ అని అడిగితే చెప్తారు. నెలసరి రోజుల్లో వెళ్ళకండి. వెళ్ళే ముందు రోజు నుంచి లోపల నీళ్ళు కొట్టి కడగడం, మందులు పెట్టడం చేయకండి, చేస్తే పరీక్షలో ఏదీ కనపడదు.

ఇక పేరు, ఆధార్, ఫోన్. ఓపీ కౌంటరులో పేరు, వయసు అడుగుతారు, ఫోన్ నంబరు అడుగుతారు, ఆధార్ కూడా అడగవచ్చు. ఆధార్ లేకపోతే హెచ్‌ఐవీ పరీక్షో, సుఖవ్యాధికి వైద్యమో చేయకూడదనే నిబంధన లేదు. తేలేదండీ అని చెప్పండి, సరిపోతుంది. ఫోన్ నంబరు దగ్గరే అసలు జాగ్రత్త పడాలి. అత్తగారి దగ్గరుండే ఫోన్ నంబరో, పిల్లలు ఆడుకునే ఫోన్ నంబరో ఇవ్వకండి, ఆస్పత్రి నుంచి వచ్చే మెసేజీలు అందులోకే వస్తాయి. ఐసీటీసీలో మీకు ఒక నంబరు ఇస్తారు, రక్తం సీసా మీద ఆ నంబరే ఉంటుంది. ఇంటికి ఫోన్ చేయకండి అని కౌన్సిలర్‌కి ముందే చెప్పండి. ఫలితం మీ చేతికే ఇవ్వాలి, వెంట వచ్చినవాళ్ళకి ఇవ్వకూడదు.

ఇవన్నీ ఆస్పత్రివాళ్ళ మంచితనం మీద ఆధారపడినవి కావు. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. మీకు వివరంగా చెప్పి, మీరు ఒప్పుకుంటేనే పరీక్ష చేయాలి. ఫలితాన్ని మీ అనుమతి లేకుండా బయటపెట్టకూడదు. భార్యకో భర్తకో తెలియజేయడానికి డాక్టరుకీ కౌన్సిలర్‌కీ కొన్ని షరతుల మీద వీలుంది, కానీ ఆడమనిషి విషయంలో, చెప్తే ఆమెని కొడతారనో వదిలేస్తారనో భయం ఉంటే చెప్పకూడదని అదే చట్టంలో రాసి ఉంది. ఇది రాసినవాళ్ళకి మన ఇళ్ళ సంగతి తెలుసు. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి గదిలోనూ మర్యాద ఉంటుందని నేను చెప్పలేను. విసుక్కునేవాళ్ళు, అందరి ముందూ గట్టిగా అడిగేవాళ్ళు అక్కడక్కడా తగులుతారు. అలాంటప్పుడు "లోపలికి వెళ్ళి మాట్లాడతానండి" అనండి. మెల్లిగా అన్నా చాలు, చాలామంది సర్దుకుంటారు. సర్దుకోకపోతే ఆస్పత్రి సూపరింటెండెంట్‌కి ఫిర్యాదు చేయడానికి మీకు హక్కుంది.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది, అందుకని చెప్తాను. ముందు కౌన్సిలర్ దగ్గర కూర్చోబెడతారు. చిన్న గది, ఒక బల్ల, గోడకి పటాలు, బల్ల మీద కండోమ్ ఎలా వేయాలో చూపించే చెక్క బొమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడకండి. తలుపు వేశాక ప్రశ్నలు మొదలవుతాయి. ఎప్పట్నుంచి, ఎలా ఉంది, మీ ఆయన ఎక్కడుంటారు, ఆయన కాకుండా ఇంకెవరైనా ఉన్నారా, కండోమ్ వాడారా. ఆ నాలుగో ప్రశ్న దగ్గరే చాలామంది ఆడవాళ్ళు తలవంచుకుని ఏడ్చేస్తారు. మీ మీద అనుమానంతో అడిగేది కాదమ్మా. వచ్చిన ప్రతి మనిషినీ అలాగే అడుగుతారు, జవాబుని బట్టే ఏ పరీక్షలు చేయాలో తేలుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆయన ఫోన్లో అన్న మాట, ఆ పుండు వచ్చిన రోజులు, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు, ఈ మూడూ తప్పకుండా చెప్పండి. పుండు మాట చెప్పకపోతే తెల్లబట్టకి మందిచ్చి పంపేస్తారేమో అనేదే నా బెంగ.

తర్వాత డాక్టరు పరీక్ష. లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు. మగ డాక్టరు ఉంటే పక్కన నర్సు ఉండాల్సిందే. బల్ల మీద పడుకోబెట్టి, లోపల చూడటానికి స్పెక్యులమ్ అనే పరికరం పెడతారు. చల్లగా తగులుతుంది, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ఊపిరి వదులుతూ నడుం బల్లకి ఆనించి ఉంచితే త్వరగా అయిపోతుంది. నొప్పెడితే చెప్పండి, ఆపుతారు. గర్భాశయ ముఖద్వారాన్ని కూడా అప్పుడే చూస్తారు. ముప్ఫై దాటిన ఆడవాళ్ళందరికీ క్యాన్సర్ కోసం ఆ పరీక్ష చేయాలని ఉంది, మీరు అంచులో ఉన్నారు కాబట్టి అదీ ఒకసారి చూడమని అడగండి.

రక్తం ఒకేసారి తీస్తారు. సిఫిలిస్‌కి వీడీఆర్‌ఎల్ లేదా ఆర్‌పీఆర్ అనే పరీక్ష, పక్కనే హెచ్‌ఐవీ పరీక్ష. హెచ్‌ఐవీ ఫలితం మామూలుగా ఆ రోజే చెప్పేస్తారు. మీ విషయంలో ఒక ఊరట ఉంది. హెచ్‌ఐవీ సోకిన కొత్తలో కొన్ని వారాల పాటు పరీక్షలో కనపడకపోవచ్చు, దానికే మూడు నెలలు ఆగి మళ్ళీ చేయమంటారు. మీ ఆయన వెళ్ళి నాలుగు నెలలు దాటింది కాబట్టి ఇవాళ లేదని వస్తే లేనట్టే, మళ్ళీ మళ్ళీ పరీక్షలు చేయించుకుంటూ భయపడక్కర్లేదు. ఒకవేళ మొదటి కిట్టులో ఉన్నట్టు వస్తే దాన్నే పట్టుకుని చెప్పేయరు, వేరే వేరే కిట్లతో మరో రెండుసార్లు చూశాకే ఖాయం చేస్తారు. అలా ఖాయమైనా, 2004 నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మానకుండా వేసుకుని రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గినవాళ్ళ నుంచి శారీరక సంబంధం ద్వారా ఇంకొకరికి సోకదు. పిల్లల్ని పెంచి పెద్దచేసి, మనవల్ని ఎత్తుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు.

మందులు రంగుల కిట్లలో ఇస్తారు. ఒక్కో లక్షణానికి ఒక్కో రంగు. బూడిద రంగుది, ఆకుపచ్చది తెల్లబట్టకి, కారణాన్ని బట్టి. పొత్తికడుపు పోటుకి పసుపు కిట్టు, అది 14 రోజులు వాడాలి. మీకు అదే ఇస్తారని నా అంచనా. నాలుగో రోజుకే తగ్గిపోతుంది, అక్కడ ఆపేస్తే ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లప్పుడు జరిగిందే మళ్ళీ జరుగుతుంది. 14 రోజులూ వాడాల్సిందే. అందులో ఒక మాత్ర వల్ల నోరు చేదుగా ఉంటుంది, వికారంగా ఉంటుంది, అన్నం తిన్నాక వేసుకోండి. సిఫిలిస్ ఉందని తేలితే బెంజాథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, రెండు పిరుదులకీ చెరో సగం. నిజంగానే నొప్పి ఇంజెక్షను, రెండు రోజులు కూర్చోవడం కష్టం. తొలి దశలో అయితే ఆ ఒక్కసారితో సరి. అదే రోజు రాత్రి చలి, జ్వరం రావచ్చు, క్రిములు చచ్చేటప్పుడు అలా వస్తుంది, ఒక రోజులో పోతుంది. ఇంతకుముందు ఎప్పుడైనా పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి, వేరే మందిస్తారు. మందుల సంచి ఇంట్లో ఎవరైనా చూస్తే? కిట్టు పెట్టె అక్కడే పారేసి, మాత్రల అట్టలు మాత్రం చీటీతో సహా తెచ్చుకోండి. కడుపునొప్పి మాత్రలు అంటే సరిపోతుంది.

మీరు అడిగిన చివరి ప్రశ్న దగ్గరికి వస్తాను. అక్కడికి వెళ్ళేది ఎలాంటి ఆడవాళ్ళో అందరికీ తెలుసు అన్నారు. నాకు తెలిసింది చెప్తాను. అక్కడ బెంచీ మీద మీ పక్కన కూర్చునేది ఎక్కువగా మీలాంటి ఇల్లాలే. మొగుడు గల్ఫ్‌లో ఉన్నామె, లారీ మీద వెళ్ళేవాడి భార్య, రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్ళేవాడి భార్య. భర్త తప్ప మరో మగవాణ్ణి ఎరగరు. రెండో మాట, ఒళ్ళమ్ముకుని బతికే ఆడవాళ్ళు కూడా వస్తారు, రావాలి కూడా. ఒకప్పుడు దేశంలో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లో మన ఉమ్మడి రాష్ట్రం ఒకటి. ఆ రోజుల్లో రాజమండ్రి చుట్టుపక్కల ఆ వృత్తిలో ఉన్న ఆడవాళ్ళు సంఘాలు కట్టారు. తోటివాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, నచ్చచెప్పి, చెయ్యి పట్టుకుని క్లినిక్కులకి తీసుకొచ్చింది వాళ్ళే. మమ్మల్ని మనుషుల్లా చూడండి, తలుపు వేసి మాట్లాడండి, పేరు బయటికి రానీయకండి అని అడిగి సాధించుకున్నది వాళ్ళే. ఇవాళ మీకు ఆ గదిలో ఏ కాస్త మర్యాద దొరికినా దాంట్లో వాళ్ళ కష్టం ఉంది. కాబట్టి అలాంటివాళ్ళ పక్కన కూర్చోవాల్సి వస్తుందేమో అని మీరు సిగ్గుపడక్కర్లేదు. కూర్చోండి.

మీ ఆయన. ఆ మనిషి చెప్పడమైతే చెప్పాడు. చాలామంది అదీ చెప్పరు, భార్య మంచానపడే దాకా తెలియదు. అంతవరకు మంచిదే. కానీ తన జబ్బు మీకు అంటుకుని ఉండొచ్చని తెలిసి కూడా, ఎవరికీ చెప్పకు అని ఆ మూట కూడా మీ నెత్తిన పెట్టడం న్యాయం కాదు, నేనది ఒప్పుకోను. ఇప్పుడు ఫోన్లో తగువు పెట్టుకోకండి, తగువైతే మళ్ళీ పెట్టేస్తాడు, మనకి కావలసిన సమాచారం రాదు. "నేను చూపించుకుంటున్నాను, డాక్టరు అడిగారు, నువ్వు వాడిన మందుల చీటీ ఫొటో తీసి పంపు, సిఫిలిస్ రక్త పరీక్ష చేశారా లేదా చెప్పు" అని మాత్రం అడగండి. ఫొటో వచ్చాక డాక్టరుకి చూపించి ఫోన్లోంచి తీసేయండి. అక్కడ మందు సరిగ్గా పడిందో లేదో ఆ చీటీ చెప్తుంది. మీ ఒక్కరికే నయమై ఆయనకి మిగిలిపోతే వచ్చే సెలవులో మళ్ళీ మీకే వస్తుంది.

ఆయన భయం కూడా ఒకటుంది, అది తెలిసి మాట్లాడితే మంచిది. గల్ఫ్ దేశాల్లో అకామా, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు కోసం చేసే వైద్య పరీక్షల్లో హెచ్‌ఐవీ ఉంటుంది, ఉందని తేలితే వెనక్కి పంపేస్తారు. అప్పు చేసి వీసా కొనుక్కుని వెళ్ళినవాళ్ళు అందుకే అక్కడ ఏ పరీక్షకీ ముందుకు రారు. కాబట్టి దిగాక, ఇంటికి రాకముందే ఐసీటీసీకి వెళ్ళమని చెప్పండి, ఇక్కడ గుట్టుగా, ఉచితంగా అవుతుంది. బస్టాండు గోడల మీద రాసి ఉండే, నెలకోసారి లాడ్జిలో దిగి వేలకి వేలు గుంజే సెక్స్ స్పెషలిస్టుల దగ్గరికి మాత్రం పోనివ్వకండి. ఆయన రిపోర్టులు మీరు కళ్ళతో చూసేదాకా కండోమ్ లేకుండా కలవకండి. ఆపరేషన్ అయింది కదా ఇంకెందుకు అంటారు. ఆపరేషన్ పిల్లలు పుట్టకుండా ఆపుతుంది, జబ్బుని ఆపదు. నిరోధ్ ఆ క్లినిక్కులోనే ఉచితంగా ఇస్తారు, మొహమాటపడకుండా తెచ్చుకుని దాచుకోండి. డాక్టరు ఆరు నెలలు ఇలాగే ఉండమన్నారు అని నా మీద పెట్టి చెప్పండి, మీ మాటగా చెప్పలేకపోతే. చెప్పినందుకు చెయ్యి చేసుకునే మనిషైతే 181కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళ కోసమే ఉన్న నంబరు అది.

ఆయనతో కాపురం ఎలా అనేది మీరు రాయలేదు, నేనూ ఇప్పుడు ఎత్తను. దానికి టైముంది. పొత్తికడుపు పోటుకీ, ఆ పుండుకీ టైము లేదు. సోమవారం పొద్దున్నే బయల్దేరండి. పెద్దవాణ్ణి బడికి పంపి, చిన్నవాణ్ణి మీ అమ్మగారి దగ్గర వదిలి, రెండు ఇడ్లీలు తిని వెళ్ళండి, ఈ రక్త పరీక్షలకి పరగడుపున ఉండక్కర్లేదు. సిఫిలిస్ ఉందని తేలి ఇంజెక్షన్ చేయించుకుంటే మూడు నెలలకి, ఆరు నెలలకి, ఏడాదికి మళ్ళీ రక్తం ఇవ్వాలి, మందు పనిచేసిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఆ తేదీలు ఓపీ చీటీ వెనక వాళ్ళ చేతనే రాయించుకుని రండి.